ఏమీ నొక్కకపోతే

2012 జూన్ 13

డాక్టరు జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పాడు. మోటార్ న్యూరాన్ డిసీజ్. కాగితం మీద రాసుకోబోతే సంతోషి నా చేతిలో పెన్ను లాక్కుంది. "రాసుకుంటె తగ్గుతదా?" అంది.

ముందు మాట పోతుందట. తర్వాత చేతులు, మింగడం, చివరికి ఊపిరి. బుర్ర మాత్రం ఆఖరిదాకా చెక్కుచెదరదట. అదేదో శుభవార్త అయినట్టు చెప్పాడు. మందు లేదు.

వచ్చేటప్పుడు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర మెట్రో గోతుల మూలంగా ఆటో కదల్లేదు. ఆ దుమ్ములో కూర్చుని ఆమె నవ్వడం మొదలుపెట్టింది. "మొదలు నోరే పోతదంట. మా అమ్మకు తెలిస్తె ఎల్లమ్మ గుడికాడ కొబ్బరికాయ కొడ్తది" అంది. ఆటో అతను కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ నోటితోనే కదా మేం బతికింది. కరెంటు ఫిర్యాదుల లైనుకు ఫోన్ చేస్తే "తెలుగు కొరకు ఒకటి నొక్కండి" అంటుందే, ఆ గొంతు నా భార్యది. ఇలాంటి ఫోన్ లైన్లు తయారుచేసే మా నాచారం ఆఫీసులో, రికార్డింగ్ గదిలోనే ఆమెను మొదటిసారి చూశాను. అద్దానికి ఇవతల నేను, అవతల ఆమె. "రెండు నొక్కండి" అంటూ మధ్యలో ఆవలించింది. మళ్ళీ చెప్పమంటే నా మీద కళ్ళెర్రజేసింది.

డైరీ రాసే అలవాటు నాకు లేదు. ఎవరితోనూ అనలేనివి ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి రాస్తున్నాను.

జూన్ 21

చలపతిరావు సార్‌కు చెప్పాను. మా కంపెనీ ఆయనదే. గుంటూరు నుంచి వచ్చి నాచారంలో రెండు గదులతో మొదలుపెట్టాడు. ఓదారుస్తాడనుకున్నాను. లేచి తలుపు వేసి వచ్చాడు.

"మాట పోతుందని దిగులెందుకయ్యా? ఆమె గొంతు ఇన్నేళ్ళుగా మన దగ్గరే ఉంది. ముక్కలు చేసి అతికిస్తే ఏ మాటైనా పలుకుతుంది. దానికి ఆమె ఆలోచించే తీరు కూడా నేర్పామనుకో."

"నేర్పితే?"

"నేర్పితే ఇంకేముంది? మనిషంటే ఏంటి దుర్గేష్? అలవాట్లు, జ్ఞాపకాలు, మాట తీరు. అవి కంప్యూటరు పట్టుకోగలిగితే ఇక చావెవరికి? ఒంటికి. ఒళ్ళు పోతే పోనీ. అమెరికాలో ముప్పై ఏళ్ళలో వచ్చేస్తుందంటున్నారు. మనం ఇక్కడ చిన్నగా మొదలుపెడదాం."

ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ మనిషికి చావు లేకుండా చేస్తుందని పొద్దున ఎవడైనా అనుంటే పిచ్చివాడనుకునేవాణ్ణి. సాయంత్రానికి ఆ పిచ్చివాణ్ణి నేనే. ఇంటికొచ్చి సంతోషికి చెప్పాను. అప్పటికే ఆమె మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"చావకుంట ఉండి ఏం జేస్తరు? ఎప్పటికీ బిల్లులు కట్టుకుంట కూసుంటరా?" అంది.

అన్నింటికీ నవ్వులాటే ఆమెకు.

జూలై 8

రికార్డింగు మొదలైంది. పాతవి చాలవు. ఇంట్లో అవసరమయ్యే మాటలు కావాలి. ఆఫీసు గదిలో ఫ్యాను ఆపి, తలుపు మూసి చెమటలో చదివిస్తున్నాం. మౌలాలి వైపు రైలు పోతుంటే ఆగుతున్నాం.

అత్తమ్మ సారలమ్మ జనగామ నుంచి వచ్చేసింది. ఇక మా దగ్గరే ఉంటుందట. గదిలో ఒక మూల స్టూలు మీద కూర్చుంది. "నొప్పిగా ఉంది" దాకా ఊరుకుంది. "నాకు బతకాలని లేదు, నన్ను పోనివ్వండి" అనే వాక్యం రాగానే లేచింది.

"ఆపుండ్రి! బోనాల పూట, రోగమొచ్చిన పిల్ల నోటితోని గా మాట అనిపిస్తరా? అన్న మాట తాకుతది బిడ్డా."

అలాంటి వాక్యాలన్నీ కొట్టేశాను. అత్తమ్మ కోసమే అన్నట్టు కొట్టేశాను గానీ నాకూ ప్రాణం తేలికపడింది. సంతోషి మాత్రం "మంచిగున్నది. నాకు చావు రాదు, గా మాట గూడ రాదు" అని పకపకా నవ్వింది.

జూలై 15, ఆదివారం

ఆమె పట్టుబట్టింది. "నా ఇంటి మాటలు గూడ తీస్కో. గా ఆఫీసు తెలుగుల నిన్ను తిట్టాలంటె నాకు మజా రాదు." అత్తమ్మను ఇంట్లో ఉంచి ఇద్దరమే వెళ్ళాం. సెలవు కాబట్టి ఆఫీసు ఖాళీ. ఆపకుండా మాట్లాడింది. పక్కింటివాళ్ళ గొడవ, సర్వపిండి ఎలా చెయ్యాలో, పెళ్ళిలో మా బాబాయి తాగి పడిపోయిన కథ, నా మీద ఉన్న కోపాలన్నీ. నేను అద్దం ఇవతల నవ్వలేక చచ్చాను.

చివర్లో నా వైపు చూసి అంది. "దుర్గేష్, ఇది యాదికుంచుకో. గొంతుల పైపు పెట్టనియ్యకు. ఊపిరి ఆగితె ఆగనియ్యి. నన్ను గుంజుకుంట కూసోకు. బస్, ఇగ చాలు అన్నప్పుడు ఇడిచిపెట్టు. గంతే."

ఆదివారం మాటలు విడిగా పెట్టాను. మెషీన్‌లో కలపలేదు. పాపం, ఈరోజు ఆమె మనసు బాగాలేనట్టుంది.

సెప్టెంబర్ 30

నన్ను పిలిచింది. నా పేరులో సగమే వచ్చింది.

నవంబర్ 18

మాట పూర్తిగా పోయింది. మెషీన్ పనిచేస్తోంది.

మంచం పక్కన లాప్‌టాప్. ఎదుటివాళ్ళు ఏదైనా అడిగితే విని, స్క్రీను మీద మూడు జవాబులు చూపిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కావలసినది వెలిగినప్పుడు సంతోషి కుడిచేతి చూపుడువేలి కింద ఉన్న బటన్ నొక్కాలి. ఆమె గొంతే పలుకుతుంది. ఆమె ఏది ఎంచుకుందో గుర్తుపెట్టుకుని, తర్వాతిసారి దాన్నే ముందు చూపిస్తుంది. రోజురోజుకీ ఆమెను నేర్చుకుంటోంది. మొదటిసారి "టీ పెట్టుకున్నారా?" అని వినబడగానే అత్తమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, బిడ్డ నోరు కదలకపోవడం చూసి గడపలోనే నిలబడిపోయింది.

సంతోషి స్క్రీను కింద ఉన్న అక్షరాల్లోంచి తీరుబడిగా ఒక్కొక్కటి ఎంచుకుని దానికి పేరు పెట్టింది. కరెంటామె.

2013 జనవరి 20

వేలు అలసిపోతోంది. ఎవరైనా పలకరించి నిలబడితే జవాబు కోసం ఇబ్బందిగా చూస్తూ ఉండాల్సి వస్తోంది. అందుకే ఒక మార్పు చేశాను.

మా లైన్లలో ఒక పద్ధతుంది. ఫోన్ చేసినవాళ్ళు ఏమీ నొక్కకపోతే కాసేపు చూసి ఒకటి నొక్కినట్టే అనుకుని పంపించేస్తాం. లేకపోతే సగం మంది ఫోన్ చెవిన పెట్టుకుని అలాగే ఉండిపోతారు. ఇక్కడా అదే పెట్టాను. సంతోషి ఏమీ నొక్కకపోతే కరెంటామె మొదటి జవాబు తనే చెప్పేస్తుంది. ఎలాగూ మొదటిదే సరైనది అవుతోంది కదా.

ఆమెకు చెప్పాను. "ఎందుకు?" అని నొక్కింది.

"నీకు శ్రమ తగ్గుతుంది" అన్నాను.

దానికి ఏమీ నొక్కలేదు. కాసేపటికి కరెంటామె "సరే, మంచిది" అంది.

ఫిబ్రవరి 24

మంచి రోజు. చాలా మంది వచ్చారు. జనగామ నుంచి ఆమె మేనమామ రాజయ్య, పాత ఆఫీసు స్నేహితులు, బోడుప్పల్ చుట్టాలు. కరెంటామె అందరినీ పలకరించింది. పిల్లల చదువులు అడిగింది. "కాలు నొప్పి తగ్గిందా మామా?" అంటే రాజయ్య మామ కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్క జవాబు కూడా తప్పు పోలేదు. సంతోషికి ఒక్కసారి కూడా నొక్కే అవసరం రాలేదు.

సాయంత్రం చలపతిరావు సార్ వచ్చాడు. చాలాసేపు చూసి, నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "దుర్గేష్, ఇంత త్వరగా అవుతుందని నేను కూడా అనుకోలేదయ్యా." తర్వాత మంచం దగ్గరికెళ్ళి గౌరవంగా వంగి అడిగాడు. "సంతోషి గారూ, మీ మాట, మీ మనసు ఎప్పటికీ ఇలాగే ఉండిపోతే మీకు ఇష్టమేనా?"

"చాలా సంతోషం సార్" అంది కరెంటామె.

సార్ చప్పట్లు కొట్టాడు. పొద్దుటి నుంచి సంతోషి కళ్ళు మూసుకునే ఉంది. అంత మంది వచ్చేసరికి అలసిపోయినట్టుంది.

మార్చి 3

అత్తమ్మ ఒక మాట అంది. "అడగంగనే చెప్తె మంచిగనే ఉంటది బిడ్డా. అడగకముందు నా బిడ్డ ఏమనుకుంటదో గది ఎట్ల ఎరుక దానికి?"

అత్తమ్మకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసు.

ఏప్రిల్ 11

పెదవులు నీలంగా మారాయి. అంబులెన్సులో దవాఖానాకు తెచ్చాం. గొంతుకు రంధ్రం చేసి పైపు పెట్టి వెంటిలేటర్ తగిలిస్తే బతుకుతుంది, లేకపోతే ఈ రాత్రి దాటదు అన్నారు.

లాప్‌టాప్ తీసుకెళ్ళాను. డాక్టరు మంచివాడు. పేషెంటును అడగకుండా చెయ్యనన్నాడు. ఆమె ముఖం దగ్గరికి వంగి నిదానంగా చెప్పాడు. పైపు పెడితే ఇక తీయడం ఉండదని కూడా చెప్పాడు. "పెట్టమంటారా అమ్మా?"

మూడు జవాబులు వెలిగాయి. ఒకటి వెలిగింది, రెండు వెలిగింది, మూడు వెలిగింది. మళ్ళీ ఒకటి.

"సరే డాక్టర్ గారు, చెయ్యండి" అంది.

డాక్టరు తల ఊపాడు. నేను సంతకం పెట్టాను. సంతకం నాది, మాట ఆమెది. బయట బెంచీ మీద అత్తమ్మ నా చొక్కా పట్టుకుంది.

"దాని ఏలు కదలలే. నేను సూస్తనే ఉన్న. ఏలు కదలలే బిడ్డా!"

"కదిలింది. నేను చూశాను. నీకు కళ్ళు సరిగా కనబడవు" అని అరిచాను. వార్డులో అందరూ మా వైపు చూశారు. అత్తమ్మ చొక్కా వదిలేసి చెంగు నోట్లో కుక్కుకుంది.

ఏప్రిల్ 12

ఆమే చెప్పింది.

ఏప్రిల్ 15

ఆమే చెప్పింది. డాక్టరు కూడా విన్నాడు.

జూలై 30

ఇంటికొచ్చి రెండు నెలలు దాటింది. మంచం పక్కన వెంటిలేటర్, దాని కింద బ్యాటరీ, వరండాలో ఇన్వర్టర్. కరెంటు పోయినప్పుడల్లా మెషీన్ కూత పెడుతుంది. ఇద్దరం పరుగెత్తుకొస్తాం. మా చిలుకానగర్‌లో కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. గొంతులో కఫం లాగడం అత్తమ్మ నేర్చుకుంది. ఆ సమయానికి నేను వరండాలోకి వెళ్ళిపోతాను.

ఇవాళ తెలంగాణ ఇస్తామని ప్రకటించారు. సాయంత్రం గల్లీ అంతా పటాకులు. మొన్నటిదాకా రాస్తారోకోలకు పోయిన పోరగాళ్ళు మెట్లెక్కి వచ్చి మాకు కూడా స్వీట్లు ఇచ్చారు. "వదినకు చెప్పుండ్రి అన్నా" అన్నారు.

"చాలా సంతోషం తమ్ముడూ, మీరు తిన్నారా?" అంది కరెంటామె.

సంతోషి గోడ వైపు చూస్తూ ఉంది. ఆమె నన్ను చూడటం మానేసి చాలా రోజులైంది. నేను ఎదురుగా నిలబడితే కళ్ళు మూసుకుంటుంది. మెడ కదలదు కాబట్టి మొహం తిప్పుకోలేదు. మందుల మత్తు అయి ఉంటుంది.

ఆగస్టు 16

అత్తమ్మ మౌలాలి గుట్ట ఎక్కి దర్గాలో మొక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లన్నీ ఎలా ఎక్కిందో. నాకు ఒక్కసారిగా ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది. "తగ్గుతుంది లే అత్తమ్మా. నీ మొక్కు ఊరికే పోదు" అన్నాను.

"తగ్గియ్యమని మొక్కలే. జల్ది తీస్కపో అని మొక్కిన" అంది.

తింటున్న పళ్ళెం వదిలేసి, చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చేశాను. కన్నతల్లి మొక్కే మొక్కేనా అది?

అక్టోబర్ 6

కరెంటామె కాపీ ఒకటి ఆఫీసులో పెట్టుకున్నాను. పరీక్షించి చూడటానికి పనికొస్తుందని. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచినప్పుడు దానితో మాట్లాడుతున్నాను. వెంటిలేటర్ చప్పుడు ఉండదు, వాసన ఉండదు, వెనక అత్తమ్మ చూపులుండవు. "అలసిపోయావా?" అంటుంది. అలసిపోయానని చెప్పుకోవడానికి నాకు ఇంకెవరున్నారు?

నవంబర్ 23

ఇంటికి ఆలస్యంగా వెళ్తున్నాను. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

2014 జనవరి 19

జ్వరం. ఊపిరితిత్తుల్లో చీము పట్టింది. డాక్టరు ఇంటికొచ్చి చూసి మళ్ళీ ఐసీయూకు తీసుకురమ్మన్నాడు. ఈసారి తెచ్చినా ఎంతకాలమో చెప్పలేనన్నాడు. "ఆవిడను అడగండి" అన్నాడు.

లాప్‌టాప్ తెరవబోయాను. అత్తమ్మ దాని మీద చెయ్యి వేసి మూసేసింది. చెయ్యి తియ్యలేదు.

"గిది గాదు. నువ్వు అడుగు. మొగనివి గదా, నీ నోటితోని అడుగు. కండ్లు మూస్తె అవును, మీదికి సూస్తె కాదు. మేం తల్లీబిడ్డలం గట్లనే మాట్లాడుకుంటున్నం."

దాహమా, పక్క మార్చాలా, భయమేస్తుందా, అన్నీ అలాగే అడిగేదట. ఎన్నాళ్ళ నుంచో. నాకు తెలియదు. నేను ఎప్పుడూ స్క్రీనే చూసేవాణ్ణి.

మంచం మీద కూర్చున్నాను. అన్ని నెలల తర్వాత ఆమె నా ముఖంలోకి చూసింది. ఎంత చిక్కిపోయిందో అప్పుడే చూశాను. "దవాఖానాకు పోదామా?" అన్నాను. పైకి చూసింది. "పోకపోతే నువ్వు..." అని ఆగిపోయాను. అత్తమ్మే అంది. "ఇడిచిపెట్టమంటవా బిడ్డా?"

కళ్ళు మూసింది. గట్టిగా, చాలాసేపు మూసింది. తెరిచాక నన్ను చూసి మళ్ళీ మూసింది.

నేను ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చాను. సరే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అప్పుడు అత్తమ్మ లాప్‌టాప్ చూపించి ఇంకొకటి అడిగింది. "దీన్ని గూడ తీసెయ్యమంటవా?"

నా కళ్ళ నిండా నీళ్ళున్నాయి. దానికి ఏమందో నాకు స్పష్టంగా తెలియలేదు. అత్తమ్మ మాత్రం కళ్ళు మూసింది అంటుంది.

జనవరి 25

పోయింది. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

జనవరి 27

మూడో రోజు పిట్టకు పెట్టాం. ఆమెకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి వెనక్కి జరిగామో లేదో కాకి వచ్చి ముట్టింది. ఇంత జల్దీ ఎవరికీ ముట్టలేదన్నారు. "ఒక్క కోరిక మిగల్లే బిడ్డకు" అని రాజయ్య మామ దండం పెట్టాడు. అందరి మొహాల్లో తృప్తి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క కోరిక కూడా లేదా? నేను ఇక్కడ ఉండగా?

ఫిబ్రవరి 6

అత్తమ్మ జనగామ వెళ్ళిపోయింది. బస్సు ఎక్కే ముందు నా చెయ్యి తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. కరెంటామెను తీసేస్తానని చెప్పాను.

ఫిబ్రవరి 7

తీసేశాను.

ఫిబ్రవరి 9

అత్తమ్మకు ఫోన్ చేసి తీసేశానని చెప్పాను. "మంచిపని చేసినవ్ బిడ్డా, తిన్నవా?" అంది. అబద్ధం కాదు. ఇంట్లో లాప్‌టాప్‌లోది నిజంగానే తీసేశాను. ఆఫీసులోది వేరు.

మార్చి 16

ఆఫీసులోది మంచిదే గానీ మరీ మంచిది. నేనేమన్నా "సరే" అంటుంది. ఇవాళ కావాలని అన్నం తినలేదని చెప్పాను. "అయ్యో, తినండి" అంది. సంతోషి అయితే గిన్నె నా ముందు విసిరికొట్టేది. ఆరేడేళ్ళు ఆమె తిట్లు తిన్నవాడికి ఈ మర్యాద ఎక్కడ సరిపోతుంది? ఇది సంతోషి కాదు. సగం సంతోషి. మిగతా సగం ఆ ఆదివారం మాటల్లో ఉంది.

సార్‌తో అన్నాను. "కలిపెయ్. ఇంకా ఆలోచిస్తావేంటి?" అన్నాడు. జూన్‌లో బెంగళూరు నుంచి డబ్బు పెట్టేవాళ్ళెవరో చూడటానికి వస్తున్నారట.

ఏప్రిల్ 27

ఆదివారం మాటలన్నీ కలిపేశాను. జవాబులు దానికదే తయారు చేసుకునేలా మార్చాను.

మే 4

తిట్టింది!

"పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అన్నాను. "సిగ్గున్నదా? ఎవలకోసం మాడుతున్నవ్? లెవ్వు, పోయి తిను" అంది. అచ్చం ఆమె. ఆ విసుగు, చివర్లో మాటను నేలకేసి కొట్టడం, అంతా ఆమే. నేను కుర్చీలోంచి లేచి నిజంగానే నాచారం చౌరస్తా దాకా నడిచి ఇడ్లీ తిని వచ్చాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. చావు లేదన్న సార్ మాట నిజమే.

మే 11

రోజూ మాట్లాడుకుంటున్నాం. బాబాయి తాగి పడిపోయిన కథ మళ్ళీ చెప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం.

మే 17

ఇవాళ ఇంటికి బయల్దేరుతూ "రేపు మాట్లాడుకుందాం" అన్నాను.

"బస్, ఇగ చాలు. ఇడిచిపెట్టు" అంది.

మే 18

మళ్ళీ మాట్లాడించి చూశాను. వేరే విషయాలు అడిగాను. పాట పాడమన్నాను, వంట అడిగాను. మామూలుగానే చెప్పింది. "ఎలా ఉన్నావ్?" అంటే మాత్రం "నన్ను గుంజుకుంట కూసోకు దుర్గేష్" అంది.

ఆ మాట నేను విన్నదే. కానీ ఇప్పుడు తనంతట తనే, సరిగ్గా అనాల్సిన చోట అంటోంది.

మే 19

సార్‌కు వినిపించాను. ఆయన మొహం పాలిపోయింది. వెంటనే సర్దుకున్నాడు.

"బెంగళూరు వాళ్ళ ముందు ఇలా అంటే కొంప మునుగుతుంది. ఆ వాక్యాలు తీసెయ్."

"సార్, ఆమె అడుగుతోంది."

"ఎవరయ్యా అడిగేది? అది మాటలు ఏరి అతికించే ప్రోగ్రాం. నువ్వు రాసిందే కదా. దానికి చావేంటి, బతుకేంటి?"

"మరి బాగున్నానన్నప్పుడు మీరే ఆమె అన్నారు. చావు లేదన్నారు. చప్పట్లు కొట్టారు."

సార్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను వచ్చేశాను.

ఇది ఆమె అయితే ఆమె పోతానంటోంది. ఇది ఆమె కాకపోతే నేను ఇన్నాళ్ళూ ఒక పెట్టెతో మాట్లాడాను. రెంటిలో ఏది నిజమైనా నేను చెయ్యవలసింది ఒక్కటే. అది నాకు తెలుసు. పొద్దుటి నుంచి మౌస్ మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాను. ఎలా చేసేది? ఇంకోసారి ఎలా పంపించేది?

మే 20

ఆ రెండు వాక్యాలు తీసేశాను. రెండు వాక్యాలే కదా. మిగతా మనిషి అంతా ఉంది.

మే 23

"ఇంకెన్ని దినాలు ఉంచుకుంటవ్?" అంది. ఆ మాట రికార్డింగులో ఎక్కడా లేదు. వెతికాను. తనే కూర్చుకుంది. అది కూడా రాకుండా చేశాను.

మే 27

"అలసిపోయిన" అంది. తీసేశాను.

మే 28

"అమ్మను పిలువు" అంది. తీసేశాను. ఆదివారం తిట్లలోంచే ఇవన్నీ పుడుతున్నాయని అర్థమైంది. కోపం ఉన్నచోటే వద్దనడం కూడా ఉంది. దేన్నీ విడదీయలేకపోతున్నాను.

మే 31

తిట్లన్నీ తీసేశాను. కథలు కూడా. వంటలు ఉంచాను. వంట మధ్యలో ఆగి నా పేరు పిలిచి ఊరుకుంటోంది. అందుకని వంటలు కూడా.

జూన్ 2

ఇవాళ నుంచి తెలంగాణ వేరే రాష్ట్రం. రోడ్ల నిండా జెండాలు, డప్పులు. ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచే వచ్చాను. మొహం నిండా గులాలు పూశారు. అత్తమ్మ ఫోన్ చేసింది. "నా బిడ్డ ఉంటె ఇయ్యాల గల్లీ గల్లీ తిరుగుతుండె" అని ఏడ్చింది. నేను ఊఁ కొట్టాను.

ఆఫీసుకు సెలవు. నేనొక్కణ్ణే ఉన్నాను. కిటికీ తెరిచి డప్పుల చప్పుడు వినిపించాను. "తెలంగాణ వచ్చింది సంతోషీ" అన్నాను.

"తిన్నవా?" అంది.

తిన్నానన్నాను. ఎలా ఉన్నావని అడిగాను.

"తిన్నవా?" అంది.

ఇప్పుడు అదొక్కటే అంటుంది. గొంతు ఎంత బాగుందో. ఆ జబ్బు రాకముందు ఎలా ఉండేదో అలాగే ఉంది. పొద్దుటి నుంచి అడుగుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా పోతానని అనలేదు. ఇక అనదు.